వేటకాండ్రకు ప్రతినిధి యెవరు?
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథాలయ మహిమను గూర్చి మాటలాడుట వాడుక. ఆ పనికి సమర్థులైన వక్తలు ఈ వేదికపై పలువురు గలరు. ఈ ప్రసంగమునకు ఎన్నుకొనబడిన విషయము వేఱు. పఠనమందిరమునకు వచ్చు బాలుర చేతిలో నేడు పుస్తకముతోపాటు సెల్‌ఫోను కూడ నుండును. ఆ చిన్న తెఱపై వారు చూచువానిలో వేట యొకటి. ఎక్కడనో మంచుదేశమున నొకడు విల్లెక్కుపెట్టును, గొంతు తగ్గించి గుసగుసగా మాటలాడును, బాణము పోవును, కొమ్ముల మృగము కూలును. ఇది చూచిన బాలునకు సహజముగా నొక సందేహము కలుగును. వేటకాడనగా నితడేనా? మన తాతలును ఇట్టివారేనా? ఈ ప్రశ్న చిన్నదిగా దోచును గాని, దానిలో ఈ కొండలవారి గౌరవమునకు సంబంధించిన దొకటి యిమిడి యున్నది.

ప్రతినిధి యను మాటకు లోకవ్యవహారమున స్పష్టమైన యర్థము గలదు. ఒకరి బదులు నిలుచువాడు ప్రతినిధి. వాని మాట వారి మాటగా చెల్లును. వాని తప్పు వారి తలపై బడును. అట్లు బడుననుటయే యిందలి చిక్కు. ప్రసిద్ధుడైన వేటకాడు చేసిన పనికి పేరు వానికి వచ్చును. నింద మాత్రము వేటకాండ్రందఱికిని వచ్చును.

మొదట టెలివిజన్ వేటకాండ్రను జూతము. అమెరికా సంయుక్తరాష్ట్రములలో కేవలము వేటనే చూపు కార్యక్రమములు పెక్కు గలవు. అందు కనబడువారు చలనచిత్ర నటులవలె ప్రసిద్ధులు. అక్కడి ప్రభుత్వము 2016వ సంవత్సరమునకు జరిపించిన గణనలో పదునాఱేండ్లు నిండిన వేటకాండ్రు 1 కోటి 15 లక్షలమంది యని తేలినది. ఆ వయసువారిలో నూటికి ఐదుగురికి లోపే యన్నమాట. వీరిలో అత్యధికులు దూరదేశములకు పోవువారు కారు. తమ యూరి పొరుగు అడవిలో తెల్లవాఱుజామున చలికి ముడుచుకొని కూర్చుండి, జింకకొఱకు వేచి, పెక్కుమారులు ఏమియు లేకయే ఇల్లు చేరు కూలివారు, రైతులు, గుమాస్తాలు. తెఱపై వీరికి చోటు లేదు. వారముదినముల నిరీక్షణమును అరగంటలో చూపవలసినవాడు వట్టిదినములనే ముందుగా కత్తిరించును. మిగిలినదెల్ల గెలుపే.

ఆ ప్రసిద్ధులలో నొకనికి జరిగిన దొకటి చెప్పదగియున్నది. టెడ్ న్యూజెంట్ అను పాటగాడు 'స్పిరిట్ ఆఫ్ ది వైల్డ్' అను వేట కార్యక్రమమును నడపువాడు. 2009లో అలాస్కాయందు నొక నల్లయెలుగును బాణముతో కొట్టెను. అది గాయముతో తప్పించుకొనెను. అక్కడి నియమము ప్రకారము గాయపడిన మృగమును వేటకాని లెక్కలో చేరును. వానికి ఆ యేట చెల్లునది ఒక్క యెలుగే. ఆయన కొలది దినములకే మఱియొక దానిని చంపెను. ఆ దృశ్యములు ఆయన కార్యక్రమముననే లోకమునకు చూపబడినవి. 2012లో న్యాయస్థానమున తప్పొప్పుకొనవలసి వచ్చెను. అట్టి నియమమొకటి గలదని యెఱుగనని చెప్పుకొనెను. అక్కడి సామాన్య వేటకాడు ఈ మాట చెప్పిన వినువారెవరు?

అందఱును ఇట్టివారే యనుట అన్యాయము. స్టీవెన్ రినెల్లా అను నాతడు 2012లో మొదలిడిన కార్యక్రమమునకు పేరే 'మీట్ ఈటర్'. మాంసము తినువాడని యర్థము. కొట్టినదానిని కోయుట, మోయుట, వండుట, తినుటదాక చూపుట ఆ కార్యక్రమ పద్ధతి. ఒక్కొక్కమారు ఏమియు దొరకని వేటను గూడ దాచక చూపును. సామాన్య వేటకానికి ఇతడు కొంత చేరువవాడే. ఐనను చూడబడుటయే జీతముగా వేటకు పోవువానికిని, ఇంటి కుండకొఱకు పోవువానికిని నడుమ నొక యగడ్త యుండనే యుండును.

మన దేశమున వేట చట్టవిరుద్ధము గనుక ఇట్టి కార్యక్రమములు లేవు. వానికి చుట్టమనదగినవి గలవు. 2019 ఆగస్టు 12న బేర్ గ్రిల్స్ అను ఆంగ్లేయుడు ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారితో జిమ్ కార్బెట్ జాతీయోద్యానమున సంచరించిన కార్యక్రమము ప్రసారమైనది. పులిభయమునకై కఱ్ఱకు కత్తి కట్టి బల్లెమొకటి చేయుట అందు చూపబడినది. ప్రాణము తీయుట తన సంస్కారమునకు సరిపడదను భావమును ప్రధాని వ్యక్తపఱచిరి. అది వేట కాదు, వినోదము. ఆ బల్లెము కట్టిన తీరు చూచి కొండపల్లెల ముదుసలులు లోలోన నవ్వుకొనియుందురు. దానికేమి? దేశమంతయు చూచిన బల్లెము మాత్రము అదియే.

టెలివిజన్ మన యిండ్లకు రాకపూర్వమే, గాలిలో గొంతు వినిపించి పేరొందిన వేటకాడొకరు మన పొరుగు సంస్థానమువారే గలరు. విజయనగరపు మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు (1905-1965) క్రికెట్ లోకమున 'విజ్జీ'గా ప్రసిద్ధులు. 1936లో ఇంగ్లండునకు పోయిన భారత జట్టునకు నాయకులు. పిమ్మట రేడియోలో ఆట వ్యాఖ్యాత. మూడువందలకు పైగా పులులను కొట్టినవారని ప్రతీతి. ఆటగాండ్రలో నొక కథ చెప్పుకొందురు. వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ ఎదుట ఆయన తమ పులివేటలను ఏకరువు పెట్టుచుండగా, తుపాకి శ్రమ యెందులకు, పులి చెంత రేడియో నుంచి తమ వ్యాఖ్యానము వినిపించిన అది విసుగుతోనే చచ్చియుండునే యను ధోరణిలో కన్హాయ్ పలికెనట. కథ నిజమో కల్పనయో గాని, వేట కంటె వేటకథ పెద్దదగు చోట ఇట్టి సమాధానము పుట్టుట సహజము. విజ్జీగారు 1960ల ఆరంభమున విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికైరి. ఓటర్లకు ఆయన ప్రతినిధి యనుటలో సందేహము లేదు. వేటకాండ్రు మాత్రము ఆయనను ఎన్నడును ఎన్నుకొనలేదు.

రాజుల వేట యెట్టిదో తెలియుటకు 1911 డిసెంబరు నాటి నేపాళపు తెరాయి వేట చాలును. పట్టాభిషేక దర్బారునకై వచ్చిన అయిదవ జార్జి చక్రవర్తి పరివారము కొలది దినములలో 39 పులులను, 18 ఖడ్గమృగములను కొట్టినది. వందల యేనుగులు వలయముగా నిలిచి మృగమును మధ్యకు నెట్టుకొని వచ్చును. చక్రవర్తి అంబారీనుండి తుపాకి పేల్చును. 1947లో ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున కొరియా సంస్థానాధీశుడు మూడు చీతాపులులను కొట్టెను. మన దేశమున తుదిసారిగా లెక్కకు వచ్చిన చీతాలు అవియే. 1952లో ఆ జాతి దేశమున నశించినట్లు ప్రకటింపబడెను. ఒక జాతి మృగమునకు తుది పుట వ్రాసినది విల్లంబుల కొండవాడు కాదు. ఇది మఱవరానిది.

ఆ వేటల ఛాయాపటములు నేటికిని పలుచోట్ల కనబడును. చచ్చిన పులి ముందుండును. దాని వెనుక తుపాకితో దొర. దొర వెనుక తలపాగలతో వరుసగా నిలిచినవారు కొందఱు. క్రింద వ్రాసిన పేరు దొరది. పులి యుండు చోటెఱిగినది, జాడ పట్టినది, మంచె కట్టినది, తెల్లవాఱుజామున తప్పెటలు కొట్టుచు పొదలు తొక్కి పులిని మంచె వంకకు తోలినది వెనుక నిలిచినవారు. మంచెపై నున్నవానికి పులి అందదు. పొదలలో నున్నవానికి అందును. 1878 నాటి ఆయుధముల చట్టము యూరోపియనులను లైసెన్సు నిర్బంధమునుండి మినహాయించెను. ఈ దేశస్థునకు మినహాయింపు లేకపోయెను. కావున తుపాకి యెవరి చేత నుండవలెనో, తప్పెట యెవరి చేత నుండవలెనో నిర్ణయించినది నేర్పు కాదు, చట్టము.

మన పూర్వగ్రంథములు ఈ భేదమును చక్కగా నెఱిగినవి. రాజులకు చెప్పబడిన సప్తవ్యసనములలో మృగయ యొకటి. జూదము, మద్యపానము దాని తోడివి. కౌటిల్యుడు వేటయందు వ్యాయామము, గుఱి, మృగముల చిత్తమెఱుగుట యను లాభములు గలవని చెప్పుచునే దానిని వ్యసనముల లెక్కలో నుంచెను. అది రాజునకు. అడవిలో నుండువానికి వేట వ్యసనమని యే గ్రంథమును చెప్పినట్లు కానరాదు; వానికది వృత్తి. పురాణకథలు విచారించిన మఱియొక వింత తోచును. వేటవలన పుట్టిన శాపములన్నియు రాజుల వేటలోనివే. దశరథుడు శబ్దమును బట్టి బాణమేసి మునికుమారుని చంపెను. పాండురాజు మృగరూపమున నున్న మునిని కొట్టెను. పరీక్షిత్తు వేటలో నలసి, మౌనముననున్న శమీకుని మెడను చచ్చిన పామును వైచెను. ఆకలి లేని వేటలో కన్ను మసకబారునని పూర్వులు గ్రహించియుందురు. ఎదురు దృష్టాంతములు లేకపోలేదు. క్రౌంచపక్షిని కొట్టినవాడు నిషాదుడు; శ్రీకృష్ణుని పాదమును మృగమనుకొని కొట్టినవాడు జరుడను బోయ. కావున అడవివాడు పొరపడడనుట కుదరదు.

ఏకలవ్యుని కథను ఈ సందర్భమున మఱల చదువవలెను. పాండవులు వేడుకగా వేటకు వచ్చిరి. వారి కుక్క మొఱిగినది. ఏకలవ్యుడు దాని నోటిని బాణములతో మూసెను. వచ్చినవారు వేటకు వచ్చిన రాచబిడ్డలు. ఉన్నవాడు నిషాదుల కుఱ్ఱడు. తుదకు బొటనవ్రేలు పోయినది ఎవనిదో బాలురకు సైతము తెలియును. విలుకాండ్రలో మేటి యనగా నేటికిని తొలుత నోటికి వచ్చు పేరు అర్జునునిదే. ఆ పేరు నిలుపుటకు ఏకలవ్యుని వ్రేలు తీయవలసి వచ్చినదని భారతమే దాచక చెప్పినది. అది ఆ గ్రంథముయొక్క పెద్దఱికము.

ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున వర్ణించిన తిన్నడు వీరందఱికంటె భిన్నుడు. చెంచుదొర బిడ్డ. తాను కొట్టిన మాంసములో మంచి ముక్క యేదో తాను రుచి చూచి, అదే శివునకు పెట్టెను. వాని వేటలో చూడవలసినది గుఱి కాదు, పెట్టుట. సంపాదించినది యెవరికి పెట్టవలెనను తలపు ముందు, వేట తరువాత. తెఱపై వేటకానికిని, మన కొండల వేటకానికిని గల ముఖ్యభేదమును చూచుటకు ఈ తిన్నడు దారి చూపును.

ఇటుకల పండుగను గూర్చి ఈ సభలోని వారికి చెప్పుట, కొండకు దారి కొండవానికి చెప్పుటయే. ఐనను ఈ సంచిక మైదానమువారి చేతికిని పోవును గనుక కొంత చెప్పక తప్పదు. చైత్రమాసమున, విత్తనములు చల్లుటకు ముందు, బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జలు, గదబలు మొదలగువారు ఈ పండుగ చేయుదురు. సరిహద్దున కావల కోరాపుట్ సీమయందు దీనికి చైత్ర పరబ్ అని పేరు. రాత్రులు థింసా నాట్యము. స్త్రీలు త్రోవకడ్డముగా నిలిచి వచ్చిపోవు బండ్లనాపి చిల్లర వసూలు చేయుదురు. ఈ మాసమున అరకు త్రోవన ప్రయాణము చేసినవారికి అది యనుభవమే. పగలు పురుషులు గుంపుగా విల్లంబులు, బల్లెములు, గొడ్డళ్లు పట్టి అడవికి పోవుట పూర్వాచారము. దొరకినది యూరివారు పంచుకొందురు.

దొరకనిచో? ఇందే అసలు విశేషము. వట్టిచేతులతో మఱలినవారిని ఊరి యాడువారు ఎదురేగి పరిహసించుట, పేడనీళ్లు చల్లుట ఆచారము. మైదానపు పత్రికలు దీనిని వింతగా వ్రాసి ఊరకొనును. కొంచెము నిలిచి విచారింపవలెను. వట్టిచేతులతో వచ్చుట అరుదైనచో దాని కొక యాచారమెందుకు పుట్టును? ఎన్నడో గాని జరుగనిదానికి ఎవరును పేడనీళ్లు సిద్ధము చేసి కూర్చుండరు. అనగా ఈ వేటలో నోటమి యెల్లవారు నెఱిగినదే, ముందుగనే లెక్కలో నున్నదే. దానికి శిక్ష నవ్వు. కొట్టినవాడు గొప్పవాడుగా చెప్పుకొనుటకు వీలు లేదు. నేడు కొట్టినవాని నెత్తిన రేపు పేడనీళ్లు పడును. తప్పినవాడు కుములుటకును వీలు లేదు. గుంపులోని వారందఱును తడిసినవారే. టెలివిజన్ వేటకానికి ఇట్టి ఊరు లేదు, వట్టిచేతులేవని యడుగు ఆడువారు లేరు. వాడు తన కథ తానే చెప్పుకొనును. తనకు తానే శభాషనుకొనును. ప్రతినిధి యగుటకు వానికి లోపించినది నేర్పు కాదు. అడుగువారు లేకుండుటయే.

వేటకాని యెఱుకను గూర్చి యొక మాట. కణుజు, కొండగొఱ్ఱె, అడవిపంది, కుందేలు, బెట్టుడుత, అడవికోడి అను వానిలో ఒక్కొక్క దానికి వేళ వేఱు, మేత వేఱు, నీటికి దిగు చోటు వేఱు. గాలి యెటనుండి వీచుచున్నదో, ఏ చెట్టు పూచినప్పుడు ఏ మృగము దాని క్రిందికి వచ్చునో, పెంటిక తడిని బట్టి అది యెంతసేపటి క్రింద పోయినదో, ఇవన్నియు ముసలివారికి కరతలామలకములు. ఒక్కొక్క దానికి కువిలో నొక పేరు, ఆదివాసీ ఒడియాలో నొక పేరు, తెలుగున నొక పేరు. ఇది యొక శాస్త్రము. దీనికి పుస్తకము లేదు.

ప్రసిద్ధ వేటకాండ్రు సైతము ఈ శాస్త్రమును ఇట్టివారి చెంతనే నేర్చిరనుటకు వారి వ్రాతలే సాక్ష్యము. నరభక్షకులైన పులులను, చిఱుతలను కొట్టి పేరొందిన జిమ్ కార్బెట్ (1875-1955) తన 'మై ఇండియా' (1952) యను పుస్తకమున కున్వర్ సింగ్ అను నొక గ్రామపెద్దను గూర్చి యొక యధ్యాయమే వ్రాసెను. ఆ కున్వర్ సింగ్ కాలాధుంగి ప్రాంతమున పేరుమోసిన దొంగవేటకాడు. బాల్యమున కార్బెట్‌కు అడవి నేర్పినవారిలో నతడొకడు. 1936లో హెయిలీ పేర ఏర్పడిన జాతీయోద్యానమునకు కార్బెట్ మరణించిన పిమ్మట అతని పేరు పెట్టబడెను. బేర్ గ్రిల్స్ బల్లెము కట్టినది అందే. శిష్యుని పేర వనమున్నది. గురువు చట్టము దృష్టిలో దొంగ. బెంగుళూరువాడైన కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) రచనలలోను, తిరుపతి చేరువ మామండూరు అడవులు పలుమారులు వచ్చును. పూజారి తెగకు చెందిన బైరా యనువాడు అతని చెలికాడై అడవి రహస్యములు చెప్పుచుండును. వీరిద్దఱును తమ గురువుల పేరులు దాచలేదు. అది వారి సౌజన్యము. కాని కార్బెట్ కలము పట్టకున్న కున్వర్ సింగ్ యెవరో లోకమెఱుగదు. సామాన్య వేటకాని పేరు నిలుచుటకు సైతము ప్రసిద్ధుని చేయి కావలసి వచ్చినది.

ఇక చట్టముల సంగతి. 1882 నాటి మద్రాసు అటవీచట్టము ప్రకారము రిజర్వు చేయబడిన అడవిలో నిబంధనలకు విరుద్ధముగా వేటాడుట, ఉచ్చులొడ్డుట నేరము. అడవి రిజర్వు చేయునప్పుడు జనుల హక్కులు విచారింపబడెను. త్రోవ, నీరు, మేత, అటవీఫలములు అను హక్కులకు చట్టమున చోటున్నది. వేటకు చోటు లేదు. గ్రామ లెక్కలలోను అంతే. అడంగలులో పంటకు గడి గలదు, నీటి ఆధారమునకు గడి గలదు, చెట్లకు గడి గలదు. చైత్రమాసమున ఊరివారు ఏ కొండవాలున వేటకు పోవుదురో వ్రాయుటకు గడి లేదు. లెక్కలో లేనిది లేనట్లే యని కచ్చేరీలలో చెల్లును.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఆ యేడు దేశమున పులులు 1,827 మాత్రమే యని లెక్క తేలెను. మఱుసటి యేడు ఏప్రిల్‌లో పులుల రక్షణ పథకము మొదలయ్యెను. చట్టము ఆవశ్యకమైనదే, ఇందు రెండవ మాట లేదు. కాని దాని తొలిరూపమున పెద్దవేటకు, చిన్నవేటకు లైసెన్సుల పద్ధతి యుండెను. లైసెన్సు పొందువాడు పట్టణమున తుపాకి గలవాడు; విల్లంబుల వానికి ఆ దారియే తెలియదు. 1991 సవరణతో ఆ లైసెన్సులు పోయినవి. అప్పటినుండి వేట యందఱికిని నేరమే. మొదటి షెడ్యూలు మృగమైనచో మూడేండ్లకు తక్కువ కాని, ఏడేండ్ల వఱకు పోగల కారాగారము. పోడుభూమికి, అటవీఫలములకు హక్కులిచ్చిన 2006 నాటి అటవీహక్కుల చట్టము సైతము, ఆచారముగా వచ్చిన తక్కిన హక్కులను ఒప్పుకొనుచు, వేటాడుటను ఉచ్చులొడ్డుటను పేరు పెట్టి మినహాయించినది.

ఈ వరుసను చూచిన నొక సంగతి స్పష్టమగును. అడవిని ఖాళీ చేసినవారిలో ముందు వరుసవారు అంబారీలపై వచ్చినవారు, తోలు కొనువారు, కొమ్ములు కూర్చి గోడకు తగిలించినవారు. చట్టము వచ్చునాటికి వారి వేట తీఱినది. నింద మిగిలినది, ఆ నిందను మోయుటకు మిగిలినది కొండవాడు. రాజు చేసినప్పుడు 'షికారు', కొండవాడు చేసినప్పుడు 'దొంగవేట'. రెండు మాటలు, ఒకటే యడవి.

ఐనచో వేటను మఱల అనుమతింపవలెనా? అక్కరలేదు. ఈ మాట పెద్దలలో కొందఱికి రుచింపకపోవచ్చును గాని చెప్పక తప్పదు. మృగములు తగ్గినవి. కొండవాలులు కాఫీతోటలైనవి, రైలుదారి పడినది, బొఱ్ఱా గుహలకు వచ్చు జనము పెరిగినది. పూర్వము పదియూళ్లకు చాలిన యడవి నేడొక యూరికిని చాలదు. మఱియు నేడు రహస్యముగా జరుగుచున్నది పూర్వపు వేటయును కాదు. పంటచేని చుట్టు కరెంటు తీగ పఱచుట, అడవిపందికై నాటుబాంబు పెట్టుట, రాత్రి బండిదీపములతో కన్నులు చెదరగొట్టి నాటుతుపాకితో కొట్టుట, అలుగులను పట్టి వాని పెంకులకై దళారులకు అమ్ముట, వీనికి ఇటుకల పండుగతో సంబంధమేమి? కరెంటు తీగకు కుందేలని, కణుజని, మనుష్యుడని భేదము లేదు. దానికి జాడ తెలియనక్కరలేదు, గాలివాటము తెలియనక్కరలేదు. తీగ పఱచినవాడును సామాన్య వేటకాండ్రకు ప్రతినిధి కాడు. తెఱపైవాడు కాడు, వీడును కాడు.

నిజమైన నష్టము వేఱొకచోట గలదు. ముసలివారు మాటలాడుట మానినారు. ఏబదియేండ్ల క్రిందటి వేటను గూర్చి యడిగినను, అడిగినవాడు అటవీశాఖవాడేమో యని చూచి, 'మాకేమి తెలుసు బాబూ' అని లేచిపోవుదురు. భయపడుట తప్పనలేము. కాని వారు మౌనము వహించిన చోట కుఱ్ఱవాని చెవిలో పడుచున్నది సెల్‌ఫోనులోని గుసగుసయే. తాత వేటకాడని చెప్పుకొనుటకు సిగ్గుపడు మనుమడు, అలాస్కాలో ఎలుగును కొట్టినవాని పేరు తడుముకొనక చెప్పును. వేట నిషిద్ధమైనది గాని, వేటకాని యెఱుక నిషిద్ధము కాలేదు. పెంటిక చూచి కణుజు వయసు చెప్పుట యే షెడ్యూలులోను నేరము కాదు. అడవిజంతువులను లెక్కించుటకు జాడ యెఱిగినవారే కావలెను. తుపాకి పట్టని ఈ పనికి వారిని మించినవారు లేరు.

ఈ గ్రంథాలయపు బీరువాలలో వేటను గూర్చిన పుస్తకములు కొలదిగానైనను గలవు. అన్నియు తుపాకివారు వ్రాసినవే. తప్పెటవారు వ్రాసినది యొకటియు లేదు. అందుచే రజతోత్సవ సందర్భమున నొక తెల్లకాగితముల పుస్తకము కుట్టించి పఠనమందిరపు బల్లపై నుంచబడినది. దానిలో గడులు గీయబడినవి: మృగము పేరు కువిలో, ఆదివాసీ ఒడియాలో, తెలుగులో, అది తిరుగు చోటు, దాని జాడ గుర్తించు విధము, దానిని గూర్చిన పాట గాని కథ గాని యున్నచో అది. చెప్పినవారి పేరునకు గడి లేదు. అది కావలెననియే విడువబడినది. ఎవరు కొట్టిరి, ఎన్ని కొట్టిరి అను ప్రశ్నలు అందు లేవు. చదువు వచ్చిన పిల్లలు తమ యింటి ముసలివారి చెంత కూర్చుండి, అడిగి, వ్రాసికొని రావలెను, అక్షరదోషములకు వెఱవనక్కరలేదు.

కుడివైపున తుది గడి యొకటి గలదు. 'ఈ మృగము చివరిసారి కంటబడిన యేడు' అని దానికి శీర్షిక. ఏడు జ్ఞప్తికి రానిచో, ఎవరి పెండ్లి యేడో, ఏ గాలివాన యేడో చెప్పినను చాలును.